మెడ నిలిచింది సరే... సీటు ఎప్పుడు తిప్పాలి?

పసిబిడ్డను చూడ్డానికి వచ్చిన పెద్ద ఆడవాళ్లు మా వైపు మొదట అడిగే మాట ఒకటుంది... "మెడ నిలిచిందా?" అని. రంగు ఎవరిది, ముక్కు ఎవరిది అన్న చర్చలన్నీ ఆ తర్వాతే. మెడ నిలవని బిడ్డను పదిమంది చేతులు మారనివ్వరు. ఎత్తుకున్నవాళ్లు తల కింద అరచెయ్యి పెట్టారా లేదా అని మూల కూర్చున్న అవ్వ కళ్లు కనిపెట్టుకునే ఉంటాయి. కాళ్లు చాపుకుని బిడ్డకు నీళ్లు పోసే ఆవిణ్ణి గమనించండి. నూనె రాసేటప్పుడు కాళ్లూ చేతులూ ఎంత ధైర్యంగా సాగదీసినా, మెడ దగ్గరికి వచ్చేసరికి ఆ చెయ్యి తనంతట తనే మెత్తబడిపోతుంది. ఏ పుస్తకమూ చదివి నేర్చుకున్నది కాదు.

ఈ జాగ్రత్తంతా ఇంటి గడప వరకే! బిడ్డను తీసుకుని కారెక్కేసరికి మెడ ఊసు ఎవరూ ఎత్తరు. నాలుగో నెల వచ్చింది, మెడ నిలిచింది, ఇంక భయమేముంది అనుకుంటారు. చంకనెత్తుకోవడానికి నిలిచిన మెడ వేరు, అరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండి టక్కున ఆగితే నిలవాల్సిన మెడ వేరు. ఆ రెండో రకం మెడ రావడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలిస్తే, ఈమధ్య మా ఇంట్లో జరిగినట్టు చాలా ఇళ్లలో జరుగుతున్న ఒక పంచాయితీ తీరిపోతుంది.

మాది చిత్తూరు జిల్లా ఐరాల. కాణిపాకం వరసిద్ధి వినాయకుడు మా మండలంలోనే వెలిశాడు. కాబట్టి కొత్త కార్లకు పూజలు చూడటం మాకు కొత్త కాదు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపూ కుంకుమా, అద్దానికి పూలదండ. అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి. పూజయ్యాక కారు కదిలేటప్పుడు చూస్తే ముందు సీట్లో కొత్త కోడలు, ఆమె ఒళ్లో ఆర్నెల్ల బిడ్డ! బెల్టు కోడలికి ఉంటే ఉంటుంది, బిడ్డకు మాత్రం అమ్మ చేతులే బెల్టు. బెంగళూరులో, చెన్నైలో ఉద్యోగాలు చేసుకునే పిలకాయలు సంక్రాంతికి వస్తే మా వీధి పొడుగునా కార్లే. ఎన్ని కార్లున్నా పిల్లల సీటున్న కారు మాత్రం నేను ఒక్కటే చూశాను. అది మా చెల్లెలిది.

శిక్ష వేసినట్టుందన్నారు

చెల్లెలూ మరిదీ బెంగళూరులో ఉంటారు. పాప పుట్టినప్పుడు మరిది స్నేహితులంతా కలిసి కారులో బిగించే సీటు ఒకటి బహుమతిగా ఇచ్చారు. వెల ఎనిమిది వేల పైచిలుకు. అందులో బిడ్డ వెనక్కి చూస్తూ కూర్చోవాలి. అంటే కారు ముందుకు పోతుంటే పాప ముఖం వెనక అద్దం వైపు ఉంటుందన్నమాట. కొన్నాళ్లయ్యాక అదే సీటును తిప్పి ముందుకు చూసేలా బిగించుకోవచ్చు. "కొన్నాళ్లు" అంటే ఎన్నాళ్లు? అక్కడే వచ్చింది తంటా.

మొదటి పుట్టినరోజు ఐరాలలో చేశాం. అప్పటికే పాప గోడ పట్టుకుని నడుస్తోంది. కారులో కూర్చోబెడితే కాళ్లు వెనక సీటుకు ఆని మోకాళ్లు పైకి లేస్తున్నాయి. చెల్లెలి అత్తగారికి ఆ సీటు ముందునుంచీ నచ్చలేదు. "అదేందమ్మా, బిడ్డను గోడకు తిప్పి కూర్చోబెట్నట్టు! శిచ్చేసినట్టుండాది. ఏడాది నిండింది, నడస్తా ఉండాది. ఇంగా ఎన్నాళ్లు ఎనక్కి తిప్పి పెడతారు? ముందరుండే రోడ్డూ చెట్లూ అదీ చూడద్దా?" అన్నారావిడ. మాట కాస్త కరుకైనా అందులో ఉన్నది మనవరాలి మీద ప్రేమే కదా.

మరిది కూడా తిప్పేద్దామన్న పక్షమే. సీటు బిగించి చూపించిన దుకాణం అబ్బాయి "ఏడాది నిండగానే తిప్పేయండి సార్" అన్నాడట. చెల్లెలు మాత్రం తిప్పనంటుంది. ఎందుకు వద్దో గట్టిగా చెప్పలేదు, "డాక్టరమ్మ ఇంకా వద్దనింది" అని ఒకటే మాట. ఇంటికి వచ్చిన చుట్టాలు తలా ఒక పక్షం చేరారు. మా వైపు బంధువుల్లో కూతుళ్ల పురుళ్లకు అమెరికా వెళ్లొచ్చిన అమ్మలు ముగ్గురున్నారు. వాళ్లయితే తెలిసినవాళ్లు కదా అని అడిగితే... ఒకావిడ ఏడాదికి తిప్పెయ్యాలంది, ఇంకొకావిడ రెండేళ్లు నిండందే వద్దంది, మూడో ఆవిడ "వయసుతో పన్లేదు, మా పాప మూడేళ్ల దాకా అట్లనే కూర్చునింది" అంది. ముగ్గురూ కళ్లారా చూసొచ్చినవాళ్లే, ముగ్గురివీ మూడు మాటలు!

నాకు ఇలాంటివి అంతు చూడకపోతే నిద్ర పట్టదు. కథలు రాసుకునేదానికి ఈ మెట్టవేదాంతం ఎందుకని మావారు నవ్వారు గానీ, కూర్చుని చదివాను. అప్పుడు తెలిసింది, ఆ ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మొదటావిడ 2009లో వెళ్లింది. అప్పటికి అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం చెబుతున్నది అదే. కనీసం ఏడాది నిండాలి, కనీసం 9 కిలోల బరువు ఉండాలి, అప్పటిదాకా తిప్పకూడదు అని. 2011లో ఆ సంఘమే మాట మార్చి రెండేళ్ల దాకా వెనక్కే ఉంచమంది. రెండో ఆవిడ వెళ్లింది 2014లో. 2018లో మళ్లీ మార్చారు. ఈసారి వయసు అంకెనే తీసేసి, ఆ సీటు వెనక్కి చూసే పద్ధతిలో ఎంత బరువు, ఎంత పొడవు దాకా మోస్తుందో అంతవరకూ వెనక్కే ఉంచండి అన్నారు. మూడో ఆవిడ వెళ్లొచ్చింది ఆ తర్వాత. ఎవరు ఏ సంవత్సరం విమానమెక్కారో ఆ సంవత్సరం మాట పట్టుకొచ్చారన్నమాట! మన దుకాణం అబ్బాయి ఇప్పటికీ 2009లోనే ఉన్నాడు.

ఇంకో సంగతి చూడండి. ఏడాది నిండాలి అన్నది "అంతకుముందు వద్దు" అని చెప్పిన హద్దు. అది నోళ్లు మారేసరికి "ఏడాది నిండగానే తిప్పాలి" అయింది. ఆరో నెలలో అన్నప్రాశన చేశాం కాబట్టి ఏడో నెలలో ఆవకాయ పెడతామా?

బిడ్డ తల బరువు

ముందుకు చూస్తే ఏమవుతుంది, వెనక్కి చూస్తే ఏం కలిసొస్తుంది అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు బిడ్డ ఒంటి తీరులో ఉంది.

పుట్టిన బిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. మనకైతే ఏడో వంతో ఎనిమిదో వంతో ఉంటుంది. అంత పెద్ద తలను మోసే మెడ ఎముకలు ఇంకా పూర్తిగా ఎముకలు కావు. పుట్టినప్పుడు మెడలోని ఒక్కో వెన్నుపూస మూడు ముక్కలుగా ఉండి, వాటి మధ్య మెత్తటి ఎముక అతుకులాగా ఉంటుంది. మీ చెవి దొప్పను వంచి చూడండి, ఆ మెత్తదనమే. ఆ ముక్కలు అతుక్కుని గట్టి ఎముకగా మారడానికి మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పడుతుంది. అంటే బిడ్డ నడిచినా, పరిగెత్తినా, మనల్ని ఎదిరించి మాట్లాడినా, మెడ లోపల మాత్రం ఇంకా లేతగానే ఉందన్నమాట. ఆ మెడ గుండానే వెన్నుపాము పోతోంది.

ఎక్కువ ప్రాణాలు తీసేవి బండి ముందువైపు గుద్దుకునే ప్రమాదాలు. బండి ఆగిపోతుంది, లోపలున్నవాళ్లు ముందుకు విసిరేసినట్టు పోతారు. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డ భుజాలనూ నడుమునూ పట్టీలు పట్టుకుంటాయి, తలను పట్టుకునేది ఏదీ లేదు. ఆ పెద్ద తల ముందుకు పోతూ మెడను లాగుతుంది. అదే బిడ్డ వెనక్కి చూస్తూ ఉంటే వీపూ తలా మెడా మొత్తం ఒకేసారి సీటు వీపుకు ఒత్తుకుంటాయి. దెబ్బ ఒక్కచోట పడకుండా వెడల్పుగా పరుచుకుంటుంది. నీళ్లు పోసే ఆవిడ అరచెయ్యి తల కింద చేసే పనే ఆ సీటు వీపు చేస్తుంది.

ఈ ఆలోచన పుట్టింది స్వీడన్‌లో. బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే వైద్యుడు, అంతరిక్షంలోకి వెళ్లే జెమిని నౌకలో వ్యోమగాములు ఎలా పడుకుని ఉంటారో చూశాడు. విపరీతమైన ఒత్తిడి వచ్చేటప్పుడు వాళ్ల వీపు మొత్తం దాన్ని కాసుకుంటుంది. పిల్లలకూ అలా ఎందుకు చెయ్యకూడదని 1964లో వెనక్కి చూసే సీటు నమూనా తయారుచేశాడు. వోల్వో కంపెనీ 1972లో అలాంటి సీటును అమ్మకానికి తెచ్చింది. ఆ దేశంలో పిల్లలను నాలుగేళ్ల వరకూ వెనక్కి కూర్చోబెట్టడం మామూలు సంగతి. నాలుగేళ్ల పిల్లంటే మన దగ్గర ఎల్‌కేజీకి పోయే పిల్ల! యూరప్‌లో 2013 నుంచి వచ్చిన కొత్త నియమం ప్రకారం తయారైన సీట్లలో పదిహేను నెలలు దాటేదాకా ముందుకు తిప్పడానికే వీల్లేదు. అది కూడా కింది హద్దే సుమా, తిప్పాల్సిన రోజు కాదు.

వేగం సంగతి మా మరిదికి నేను చెప్పలేదు. ఆయనే ఇంజనీరు కాబట్టి కాగితం మీద లెక్కేసి చూపించాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం అంటే పది మీటర్ల ఎత్తు నుంచి కింద పడటంతో సమానమట. అంటే మూడంతస్తుల మిద్దె. ఆ క్షణంలో ఒంటి బరువు ఇరవై ముప్పై రెట్లు అయినట్టు లాగుతుంది. పదికిలోల బిడ్డ ఆరేడు చెనక్కాయ మూటల బరువవుతుంది. "అన్ని మూటలు పట్టుకుని ఆపగలవా వదినా?" అని నన్నడిగాడు. లెక్క పూర్తయ్యాక ఆయన ఇంక సీటు తిప్పే మాట ఎత్తలేదు. అమ్మ ఒళ్లో బిడ్డ ఉంటే ఇంకో ఘోరం, అమ్మకు బెల్టు లేకపోతే అమ్మ బరువు కూడా బిడ్డ మీదే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు చుట్టినా అంతే.

సీటుకు అంటించిన కాగితం

ఇన్ని లెక్కలు చూశాక నాకు తోచిన మొదటి పని, ఆ సీటుకు పక్కన అంటించి ఉన్న కాగితం చదవడం. ఏడాదిగా పాప దాంట్లో కూర్చుంటోంది, ఇంటిల్లిపాదీ దాని గురించి వాదించుకుంటున్నారు, ఆ కాగితం మాత్రం ఒక్కరూ చదవలేదు! అందులో స్పష్టంగా ఉంది... వెనక్కి చూసే పద్ధతిలో 13 కిలోల వరకు, ముందుకు చూసే పద్ధతిలో 9 నుంచి 18 కిలోల వరకు అని. మన దేశంలో అమ్మే ఈ రకం సీట్లలో చాలావాటికి ఇవే అంకెలు.

మధ్యాహ్నం అంగన్‌వాడీ తక్కెడలో తూచాం. పాప 8 కిలోల 400 గ్రాములు. అంటే ఏడాది నిండినా, నడిచినా, కేకు కోసినా ఆ సీటును ముందుకు తిప్పడానికి అసలు అర్హతే రాలేదు. ఆ రోజుకు పంచాయితీ ముగిసింది.

పదిహేడో నెలలో తొమ్మిది కిలోలు దాటింది. ఇక్కడ జాగ్రత్తగా వినాలి. తొమ్మిదికీ పదమూడుకీ మధ్య ఉన్న ఆ నాలుగు కిలోల్లో సీటు ఎటైనా ఉండొచ్చని కాగితం ఒప్పుకుంటుంది. దుకాణాల్లోనూ ఇళ్లలోనూ గొడవంతా ఈ నాలుగు కిలోల్లోనే. తిప్పొచ్చు అన్నదాన్ని తిప్పాలి అనుకుంటే నష్టపోయేది బిడ్డ మెడ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో రెండేళ్లకు ఆడపిల్ల సగటున 11.5 కిలోలు, మగపిల్లవాడు 12.2 కిలోలు. మూడేళ్లకు 13.9, 14.3. అంటే సగటు బిడ్డకు పదమూడు కిలోలు రావాలంటే రెండున్నరేళ్లు కావస్తుంది. మన పిల్లలు చాలామంది అంతకన్నా తేలికగానే ఉంటారు. "మీ బిడ్డ ఒళ్లు చెయ్యలేదే" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు కదా. ఆ ఒళ్లు చెయ్యని బిడ్డ ఇంకొన్ని నెలలు భద్రంగా వెనక్కి కూర్చోవచ్చు, ఈ ఒక్క విషయంలో అది కలిసొచ్చింది.

బరువుతోపాటు ఇంకొకటి చూడాలి, తల. వెనక్కి చూసే సీటులో బిడ్డ నడినెత్తి సీటు వీపు పై అంచుకు కనీసం ఒక అంగుళం కిందే ఉండాలి. పొడుగు సాగే పిల్లలకు పదమూడు కిలోలకన్నా ముందే తల అంచుకు వచ్చేస్తుంది. బరువైనా తలైనా ఏది ముందు హద్దుకు వస్తే అదే తిప్పే రోజు. పుట్టినరోజుతో పనిలేదు, నడకతో పనిలేదు.

మరి కాళ్ల మాటేమిటి? అందరూ అడిగేది అదే. కాళ్లు వెనక సీటుకు ఆనుతుంటే నొప్పి కదా, ఢీ కొడితే విరగవా అని. పిల్లలను కింద కూర్చోబెట్టి చూడండి. బాసింపట్టు వేస్తారు, కప్పలా ముడుచుకుంటారు, కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుంటారు. వాళ్ల కీళ్లు మన కీళ్లు కావు. కాలు ముడుచుకోవడం వాళ్లకు కష్టం కాదు. వెనక్కి కూర్చున్న పిల్లలకు కాళ్లకు దెబ్బలు తగలడం అరుదు. ఒకవేళ తగిలినా కాలి ఎముక అతుకుతుంది. వెన్నుపాము అతకదు.

ఏడుపు సంగతి

ఇంక ఏడుపు. ఏ తల్లి పట్టుదలైనా కరిగిపోయేది దీనికే. బెంగళూరు నుంచి ఐరాలకు నాలుగు గంటల ప్రయాణం. కోలారు దాటాక పాప మొదలుపెట్టేదట, ముళబాగిలు వచ్చేసరికి తారస్థాయి. "ముందుకు తిప్పితే నోరు మూస్తుందేమో అక్కా" అని చెల్లెలు కూడా ఒకటి రెండుసార్లు మెత్తబడింది.

పిల్లలు కారులో ఏడవడానికి కారణాలు సవాలక్ష. ముందు ఎండ. వెనక అద్దంలోంచి ఎండ నేరుగా ముఖానికి కొడుతుంటే ఎవరు ఊరుకుంటారు? మా ఎండల్లో ఆరుబయట నిలిపిన కారులో బకిల్ ఇనుము చురుక్కుమంటుంది. బిడ్డను కూర్చోబెట్టే ముందు మనం చెయ్యి పెట్టి చూడాలి, కారు దిగేటప్పుడు సీటు మీద తువ్వాలు కప్పి పోవాలి. అద్దానికి నీడ తెర కట్టాలి. తర్వాత పట్టీలు. మరీ బిగువైనా, మెలికపడినా ఏడుస్తారు. భుజం దగ్గర పట్టీని వేళ్లతో మడత పట్టడానికి చూడండి. మడత చేతికొస్తే వదులుగా ఉన్నట్టు, రాకపోతే సరిగ్గా ఉన్నట్టు. చలికాలమని మందపాటి స్వెట్టరు వేసి పట్టీలు బిగిస్తే అది ఉత్త భ్రమ. ఢీ కొట్టినప్పుడు ఉన్ని అణిగిపోయి పట్టీ వదులవుతుంది. పట్టీలు బిగించాక పైన దుప్పటి కప్పాలి. మరీ పసిబిడ్డయితే సీటు ఎంత వాలి ఉందో కూడా చూడాలి. నిటారుగా ఉంటే తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు తగిలి ఊపిరాడదు.

అన్నిటికన్నా పెద్ద కారణం ఒంటరితనం. అమ్మ ముందు సీట్లో, బిడ్డ వెనక సీట్లో వెనక్కి తిరిగి! ఆ బిడ్డకు అమ్మ వీపు కూడా కనబడదు. చెల్లెలు వెనక సీట్లో పాప పక్కకు మారింది. ఇప్పుడు పాపకు ఎదురుగా అమ్మ ముఖం. అరటిపండు, మరమరాలు, తోలుబొమ్మలాట అన్నీ అక్కడే. ఏడుపు పూర్తిగా పోయిందని చెప్పను, సగానికి సగం తగ్గింది.

పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగేటప్పుడు ఒకసారి ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మరిది గట్టిగా బ్రేకు తొక్కాడు. గుద్దుకోలేదు, దేవుడి దయ. వెనక సీటు మీదున్న నీళ్ల బాటిలు ఎగిరి గేరు దగ్గర పడింది. బెల్టు పెట్టుకోని అత్తగారు ముందు సీటుకు మోకాళ్లు కొట్టుకుని వారం రోజులు కుంటారు. పాప మాత్రం సీటుకు ఒత్తుకుని, ఏం జరిగిందో తెలీక, చేతిలో ఉన్న బిస్కెట్టు తింటూనే ఉందట. ఆ తర్వాత ఐరాలకు వచ్చినప్పుడు ఆవిడే నాతో అన్నారు, "ఏమ్మా, అది బిడ్డకు శిచ్చ కాదు. నాగ్గూడా అట్లాంటి సీటొకటి ఉంటే తీసీమని చెప్పు" అని. ఇప్పుడావిడ కారెక్కగానే బెల్టు పెట్టుకుంటారు. 2022 సెప్టెంబరులో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ చనిపోయిన వార్త చదివి కూడా మారనివాళ్లు ఎందరో. ఆవిణ్ణి మోకాలి నొప్పి మార్చింది.

చట్టం సంగతి అడుగుతారేమో. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 194బి సెక్షన్ వచ్చింది. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు సీటుబెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. 2019 సెప్టెంబరు 1 నుంచి ఇది అమలులో ఉంది. ఏ వైపు తిప్పి కూర్చోబెట్టాలో ఆ సెక్షన్ చెప్పదు, ఆ పని అమ్మానాన్నలకే వదిలేసింది. ముందు సీట్లో మాత్రం ఈ సీటు పెట్టనే పెట్టకండి. ఇప్పుడొచ్చే కార్లలో ముందు సీటుకూ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వెనక్కి చూసే సీటు దానికి ఆనుకుని ఉంటే, రెప్పపాటులో ఉబికే ఆ సంచి పెద్దవాళ్లను కాపాడినట్టు బిడ్డను కాపాడదు, సీటుతో సహా బిడ్డ తలను కొడుతుంది. ఎండ పడకుండా ముందు దించుకునే రేకు మీద ఏడ్చే బిడ్డ బొమ్మతో హెచ్చరిక అంటించి ఉంటుంది చూడండి. చాలామంది దాన్ని కొత్త కారు కాగితాలతోపాటు పీకి పారేస్తారు.

"కారున్నోళ్లకు మీరు చెప్తాండారు, మా సంగతేంది?" అని మా పక్కింటి అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఐరాల నుంచి చిత్తూరు ఆస్పత్రికి బిడ్డను మోటారుసైకిలు మీదే తీసుకుపోయేవాళ్లు ఎక్కువ. దానికీ ఒక నియమం ఉంది. 2022 ఫిబ్రవరిలో ప్రకటించి, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమలులోకి తెచ్చారు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లలకు హెల్మెట్ ఉండాలి, బిడ్డను నడిపేవాళ్లకు కట్టి ఉంచే పట్టీల జాకెట్టు ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు. షేర్ ఆటోకు మాత్రం ఏ సీటూ పనికిరాదు, బస్సుంటే బస్సెక్కడమే మేలు. అద్దె కారు మాట్లాడుకుని తిరుపతికో, వేలూరు ఆస్పత్రికో పోయేవాళ్లు ముందురోజే వెనక సీటు బెల్టులు పనిచేస్తున్నాయా అని అడిగి చూడండి. పూలూ తోరణాలూ సర్ది, బెల్టులు సీటు కవరు కింద తొక్కేసిన కార్లే ఎక్కువ.

ఒక కుటుంబంలో సీటు కొంటే అది నలుగురు పిల్లలకు తిరుగుతుంది. ఉయ్యాల తిరిగినట్టే. అందులో తప్పులేదు గానీ, ఆ సీటు ఏదైనా ప్రమాదంలో ఉందేమో, ప్లాస్టిక్ ఎక్కడైనా చిట్లిందేమో, పక్కనున్న కాగితం చెరిగిపోయిందేమో చూసి తీసుకోవాలి. ప్రమాదంలో ఉన్న సీటును ఎంత కొత్తగా కనబడినా ఇంకొకరికి ఇవ్వకూడదు.

మా పాపకు ఇప్పుడు రెండేళ్ల రెండు నెలలు. బరువు 11 కిలోలు, నడినెత్తికీ సీటు అంచుకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం చెల్లెలు తూచి, కాగితం పక్కన పెన్సిలుతో రాసుకుంటుంది. ఇంకో ఆర్నెల్లో ఏడాదో పట్టవచ్చు తిప్పడానికి. తిప్పే రోజున సీటును ఊరికే తిరగేసి పెడితే చాలదని కూడా ఆ కాగితంలోనే ఉంది. వెనక్కి చూసేటప్పుడు కారు బెల్టు పోవాల్సిన దారికి నీలం గుర్తులుంటాయి, ముందుకు చూసేటప్పుడు పోవాల్సిన దారికి ఎరుపు గుర్తులు. భుజం పట్టీలు ఇప్పుడు భుజానికి సమానంగానో కాస్త కిందనో ఉన్నాయి, అప్పుడు పై రంధ్రాల్లోకి మార్చి భుజానికి సమానంగానో కాస్త పైనో ఉండేలా చూసుకోవాలి. బిగించాక బెల్టు పోయే చోట రెండు చేతులతో పట్టి ఊపితే సీటు అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. ఊపి చూసే పని తన కోడలికి వదలనని అత్తగారు ఇప్పటికే చెప్పేశారు.